బీవరుల చెరువు: పదునాఱేండ్ల ఛాయాచిత్రములు

కాకినాడలోని మా యింటి చావడి గోడమీద రెండు ఛాయాచిత్రములు ప్రక్కప్రక్కనే వ్రేలాడుచున్నవి. ఒకదానిలో విశాలమైన నీటిమడుగు, దాని నడుమ ఆకులులేని యెండుమ్రాకులు, వాని కొనలయందు పెద్ద పెద్ద పక్షిగూళ్లు ఉన్నవి. రెండవదానిలో నడుమెత్తు పచ్చిక, ఊదారంగు పూలగుత్తులు, పచ్చికలో మెలికలు తిరిగి పాఱు సన్నని వాగు ఉన్నవి. చూడవచ్చిన చుట్టములు "ఇవి యే యే ఊళ్లు?" అని యడుగుదురు. రెండును ఒకే చోటు. ఒకే బండమీద నిలిచి, ఒకే దిక్కు చూచి తీసినవి. మొదటిది 2013వ సంవత్సరము జూను నెలలోనిది, రెండవది 2022వ సంవత్సరము ఆగస్టు నెలలోనిది. ఆ చోటును గూర్చి చెప్పుటకును, దానిని చిత్రించుటలో మేము చేసిన యొక పొరపాటును ఒప్పుకొనుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ చోటు అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు పడమటి కొసను, బర్కుషైరు కొండలలో నున్నది. బోస్టను నగరమునుండి కారులో రెండు గంటలకు పైగా ప్రయాణము. మా అమ్మాయి కాపురము అక్కడ. 2009వ సంవత్సరము సెప్టెంబరులో ఆమె తొలి పురుటికై మేమిరువురము వెళ్లితిమి. ఉదయమంతయు బాలింతరాలి పథ్యముతోను, పసిపాప స్నానముతోను సరిపోవుచుండెను. మొదటి దినమున సాంబ్రాణిపొగ వేయగనే ఇంటికప్పునందలి పొగగంట మ్రోగి వీథివారినందఱిని హడలగొట్టెను. మాసము నిండిన పిమ్మట, ఎండ బాగుగా నున్న సాయంకాలములందు, పాపను త్రోపుడుబండిలో పరుండబెట్టి ఇంటివెనుకనున్న అడవిబాటను నడచుట అలవాటు చేసికొంటిమి. ఆ యడవులలో లేళ్లను పట్టియుండు సన్నని పిడుదులు కఱచినచో లైము అను వ్యాధి వచ్చునట. అందుచే మేము చీర విడిచి, అమ్మాయి సల్వారు తొడుగుకొని, దాని అంచులను మేజోళ్లలో దోపుకొని బయలుదేఱుదుము. అద్దములో చూచుకొని మాకే నవ్వు వచ్చెడిది.

బాట ప్రక్కనే చిన్న వాగు పాఱుచుండెను. అక్టోబరు చివరి దినములలో ఒకనాడు ఆ వాగునకు అడ్డముగా మోకాలెత్తు గట్టు కనబడెను. కొమ్మలు, రాళ్లు, బురద కలిపి కట్టియుండెను. పిల్లలెవరో ఆటకై కట్టియుందురనుకొంటిమి. దగ్గఱకు పోయి చూడగా, ఒక చెట్టు మొదలు పెన్సిలు చెక్కినట్లు చుట్టును చెక్కబడియుండెను. క్రింద వడ్రంగి కొట్టమునందువలె చెక్కపేళ్లు రాలియుండెను. ఇది బీవరుల పని యని మా అల్లుడుగారు చెప్పిరి. మావారు బాటప్రక్కనున్న పెద్ద బండమీద నిలిచి, ఆ గట్టును, వెనుక మన వాకిలియంత వైశాల్యమున నిలిచిన నీటిని ఒక ఫోటో తీసిరి. అదియే మా మొదటి చిత్రము.

బీవరు నెఱుగని సోదరీమణులకు దానిని గూర్చి కొంత చెప్పవలెను. అది నీటియందును నేలయందును మెలగు జంతువు. ఎలుక, ఉడుత జాతికి చేరినది. బాగుగా పెరిగినది 16 మొదలు 30 కిలోల వఱకు తూగును. మా కాకినాడ దగ్గఱ కోరంగి మడయడవులలో నుండు నీటికుక్కవలె నిది చేపలను తినదు. చెట్ల బెరడు, ఆకులు, నీటిమొక్కలు దీని యాహారము. ముందరి పండ్లు ఇనుము కలిసియుండుటచే నారింజరంగున నుండును. వాని ముందుతట్టు గట్టిది, వెనుకతట్టు మెత్తనిది. అందుచే కొఱికినకొలది ఉలివలె పదునెక్కుచుండును. వెడల్పైన తోకతో నీటిమీద చఱచి తనవారికి అపాయము తెలుపును. గట్టు కట్టి నీరు నిలుపుకొనుట ప్రాణరక్షణకొఱకే. నీటినడుమ కొమ్మలతో గుట్టవంటి ఇల్లు కట్టి, దాని వాకిలిని నీటిక్రింద ఉంచుకొనును. తోడేలైనను ఎలుగుబంటియైనను లోనికి పోజాలవు. శీతకాలమున చెరువుపై మంచు గడ్డకట్టకమునుపే పచ్చికొమ్మలను ఇంటిచెంత నీటియడుగున నిలువచేసికొని, మంచుక్రిందనే యీది వచ్చి వానిని తినును. మనము వేసవిలో ఊరగాయలు పెట్టి జాడీలు నింపుకొనుట వంటిదే ఇదియు. తల్లి, తండ్రి, నిరుటి పిల్లలు, ఈ యేటి పిల్లలు ఒకే ఇంట నుందురు. పిల్లలు రెండేండ్ల వయసు వచ్చినపుడు వేఱుకాపురము వెదకికొని పోవును.

ఈ జంతువు ఆ సీమలో ఒకప్పుడు బొత్తిగా లేకుండపోయెనన్న సంగతి వినగా మాకు ఆశ్చర్యమైనది. దీని మెత్తని లోరోమములతో యూరపు ఖండమున మగవారి టోపీలు చేయుచుండిరి. ఆ టోపీల కొఱకు లక్షలకొలది బీవరులను చంపిరి. మసాచుసెట్సులో 18వ శతాబ్దము ముగియకముందే అవి కానరాకుండెను. 1928లో వెస్టు స్టాకుబ్రిడ్జి అను నూరిలో మరల ఒక బీవరు కనబడెను. 1932లో న్యూయార్కు రాష్ట్రమునుండి మూడింటిని తెచ్చి లెనాక్సు అను నూర విడిచిరి. ఈ రెండూళ్లును ఆ బర్కుషైరు కొండలలోనివే. మా అమ్మాయి ఇంటివెనుక గట్టు కట్టినవి ఆ తరములకు మునిమనుమలో, వాని మనుమలో అయియుండవచ్చును.

2010 ఫిబ్రవరిలో మేము తిరిగివచ్చితిమి. వచ్చుటకు ముందు అల్లుడుగారికి ఒక పని యొప్పగించితిమి. ఏడాదికి నాలుగు మాఱులు, ఋతువున కొకటి చొప్పున, ఆ బండమీదనే నిలిచి ఒక చిత్రము తీయవలెననియు, కెమేరా ఎత్తు మారరాదనియు, కుడిప్రక్క కొండకొమ్మును ఎడమప్రక్క పెద్ద దేవదారుచెట్టును ప్రతి చిత్రములోను పడవలెననియు చెప్పితిమి. చెరువు మారుచుండును గదా. మారని వస్తువులు రెండు చిత్రమునందున్నగాని మారినది యెంతయో తెలియదు. గోడమీద గీత గీచి పిల్లల యెత్తు కొలుచుట మన యిండ్లలో నున్నదే. గీత గీచిన గోడ కదలినచో కొలత యేమగును?

2011 వేసవిలో మరల వెళ్లి చూచినపుడు మనసు చివుక్కుమనెను. గట్టు భుజమెత్తు పెరిగినది. నీరు అడవిలోనికి వ్యాపించినది. ఆ నీటిలో నిలిచిన ఎఱ్ఱమేపులు చెట్లు ఆకులు ముడిచి ఎండిపోవుచుండెను. వేళ్లకు గాలి యందనిచో చెట్టు బ్రతుకదు. నీరు నిలిచిన నేలలో ఆ గాలి యుండదు. "పచ్చని అడవిని పాడుచేసినవి" అని బీవరులను నిందించితిమి. అయినను నియమము తప్పరాదని చిత్రము మాత్రము తీసితిమి.

2013 జూనులో వెళ్లినపుడు ఆ యెండిన మ్రాకుల కొనలయందే నీలికొంగలు గూళ్లు కట్టియుండెను. మన నారాయణపక్షికి అవి దగ్గఱ చుట్టములు. నిలువెల్ల మనుష్యుని నడుము దాటిన యెత్తు. చుట్టును నీరుండుటచే చెట్టెక్కి గ్రుడ్లు తిను జంతువులకు అచటికి పోవుట కష్టము. బోదెల తొఱ్ఱలలో అడవిబాతులు, కోయిలంతయైన లేని వాననీలి పిట్టలు కాపురముండెను. సాయంకాలమగుసరికి కప్పల రొద మన ఊరి చెరువుగట్టును జ్ఞప్తికి తెచ్చెను. చచ్చిన చెట్టు అంతమందికి ఇల్లగునని మేము కలనైన తలపలేదు. ఆనాటి చిత్రమే మా చావడిలోని మొదటిది.

మఱుసటి యేట చిక్కు వచ్చెను. చెరువున కవతలనున్న ఊరి దారిక్రింద నీరు పోవుటకు ఒక తూము కలదు. బీవరులు దాని నోటిని మూసివైచుటచే 2014 వసంతమున నీరు దారిమీదికి ఎక్కెను. ఊరివారు రెండు పక్షములైరి. గట్టు పగులగొట్టి జంతువులను తొలగింపవలెనని కొందఱు, అట్లు చేయరాదని కొందఱు. ఆ రాష్ట్రమున గట్టును ముట్టుటకు అధికారుల అనుమతి కావలెను. తుదకు గట్టునకు అడ్డముగా ఒక గొట్టము వేయ నిశ్చయించిరి. గొట్టపు లోకొస చెరువు నడుమ, నీటిక్రింద, ఇనుపతీగెల పంజరములో నుండును. గొట్టము ఏ మట్టమున నున్నదో ఆ మట్టమునకు మించిన నీరు చప్పుడు కాకుండ పోవును. చప్పుడు కాకుండుటయే అందలి కిటుకు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లార్సు విల్సను పాఱు నీటిచప్పుడును యంత్రముద్వారా వినిపింపగా, బీవరులు ఆ చప్పుడు వచ్చు చోటనే కొమ్మలు తెచ్చి పేర్చెనట. చప్పుడే లేనిచో గండి యున్నదని వానికి తోచదు.

మఱి మట్టమెంత యుండవలెను? తక్కువైనచో చెరువు ఎండును, ఎక్కువైనచో దారి మునుగును. ఆ సభకు అమ్మాయి మా చిత్రములను కొనిపోయెను. 2013 జూను చిత్రములో దేవదారు మొదటనున్న నీటిగీత స్పష్టముగా కనబడుచుండెను. అప్పటికి దారి పొడిగా నున్నది, గూళ్లలో పిల్లలున్నవి. ఆ గీతనే ప్రమాణముగా గైకొని గొట్టము వేసిరి. దారి యెండెను, కొంగలు నిలిచెను. పురుటికి వెళ్లినవారు పొద్దుపోక తీసిన చిత్రములు ఒక ఊరి తగవు తీర్చుటకు పనికివచ్చెనని మాకు కొంచెము గర్వము కలిగినమాట నిజము.

ఇక మా పొరపాటును చెప్పవలెను.

2017 జూలైలో మేము వెళ్లునప్పటికి బీవరులు లేవు. చుట్టునున్న మెత్తని చెట్లన్నియు అయిపోగా మేతకై మఱియొక వాగునకు తరలిపోయినవి. కాపాడు చేతులు లేకపోవుటచే వసంతపు వఱదలకు గట్టు గండిపడెను. చెరువంతయు నల్లని బురద. ఎండుమ్రాకులు సగము కూలినవి. కొంగగూళ్లు బురదలో పడియున్నవి. దుర్గంధము. మావారు బండమీద నిలిచి కెమేరా ఎత్తి, మరల దించివేసిరి. "ఇంత వికారమైనదానిని ఏల తీయుట? మంచి చిత్రములు ఉన్నవి గదా" అని మేమే అంటిమి. అల్లుడుగారితోను "ఇక అక్కఱలేదు, కథ ముగిసినది" అని చెప్పివైచితిమి.

తిరిగి కాకినాడ వచ్చిన పిమ్మట ఒకనాడు ఆ చిత్రములన్నిటిని మా అత్తగారి మంచముమీద పఱచి చూపితిమి. ఆమెకు ఆ యేడే పక్షవాతము వచ్చి కుడిప్రక్క స్వాధీనము తప్పియుండెను. ఒక్కొక్కటే ఎడమచేత పట్టుకొని చాలసేపు చూచిరి. పిదప "నన్నుగూడ ఒకటి తీయరాదుటే అమ్మాయీ" అనిరి. "కొంచెము తేఱుకొనుడు అత్తయ్యగారూ, తల దువ్వి మంచి చీర కట్టి తీసెదము" అంటిమి. ఆమె తేఱుకొనలేదు. మేము తీయలేదు. 2018 వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలు రెండు నెలలు ఆ మంచము ప్రక్కనే కూర్చుండి తాతమ్మతో గవ్వలాడినది. అదియు ఎవరమును తీయలేదు.

2019లో ఆమె పోయిరి. దండ వేయుటకు పటము కావలసివచ్చి ఆల్బములన్నియు వెదకితిమి. పెండ్లిండ్లు, ఉపనయనములు, గృహప్రవేశములు. చివరి రెండేండ్లవి ఒక్కటియు లేవు. 1998 నాటి యొక పెండ్లి చిత్రమునుండి ఆమె ముఖమును పెద్దదిగా చేయించి పెట్టితిమి. మనుమరాలు దానిని చూచి "ఈమె మన తాతమ్మ కాదు" అనెను. ఆ పిల్ల యెఱిగిన తాతమ్మ నెరసిన తలతో, ఒక ప్రక్కకు ఒరిగిన నవ్వుతో మంచముమీద కూర్చుండు మనిషి. ఆ మనిషి చిత్రము మా యింట లేదు.

తరువాత కరోనా వచ్చుటచే ప్రయాణములు నిలిచిపోయెను. 2022 ఆగస్టులో మరల వెళ్లితిమి. బురద చూడలేమని సంకోచించుచునే బండయెద్దకు పోతిమి. అచట బురద లేదు. నడుమెత్తు పచ్చిక గాలికి అలలువలె కదలుచుండెను. ఊదారంగు గుత్తిపూలపై సీతాకోకచిలుకలు వ్రాలియుండెను. పాతగట్టు గడ్డిమొలచిన మిట్టయై పడియుండెను. ఒక లేడి పిల్లతో మేయుచుండెను. ఎనిమిదేండ్లపాటు చెరువు అడుగున పేరుకొన్న ఆకుకుళ్లు, ఒండ్రు ఆ పచ్చికకు ఎరువైనదట. ఇట్టివానిని బీవరు పచ్చికబయళ్లందురు. తొలినాళ్లలో ఆ సీమకు కాపురమువచ్చిన యూరపువారు తమ పసువులకు ఎండుగడ్డి యిట్టి చోట్లనే కోసికొనెడివారు.

మనుమరాలికప్పుడు పండ్రెండేండ్లు. రెండు చిత్రములను చేతబట్టుకొని "అమ్మమ్మా, ఈ రెంటికి నడుమ ఏమి జరిగినది?" అని యడిగెను. ఏ నెలలో మొదటి గడ్డిపోచ మొలచినదో, ఏ మొక్క ముందు వచ్చినదో, చివరి కొంగగూడు ఎన్నడు కూలినదో మాకు తెలియదు. ఐదేండ్లు ఖాళీ. చూడ నింపుగా లేదని మేము విడిచిన యేండ్లే ఆ చోటు కథలో ముఖ్యమైన యేండ్లు. "తాతమ్మ ఫోటోవలెనేనా?" అనెను ఆ పిల్ల. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి అల్లుడుగారు మాకొక పెద్దమనిషి సంగతి చెప్పిరి. రాచెస్టరు నగరమున లూయీ హెన్రీ మార్గను అను న్యాయవాది యుండెను. 1871లో ప్రకటింపబడిన ఆయన బంధుత్వ గ్రంథములోని పట్టికలలో మన తెలుగు బంధువాచకములు గూడ చేరియున్నవి. ఆయనయే, రైలుమార్గపు పనిమీద మిషిగను రాష్ట్రమునకు పోవుచు, అచటి బీవరుల పనులను చూచి 1868లో ఒక పుస్తకము వ్రాసెను. అందు ఇష్పెమింగు అను నూరి చెంతనున్న 64 గట్లను, చెరువులను ఒక పటములో గుర్తించెను. దాదాపు నూటయేబదేండ్లకు కరోల్ జాన్‌స్టన్ అను విదుషీమణి ఆ పటమును విమానమునుండి తీసిన చిత్రములతో పోల్చిచూచి, వానిలో సుమారు నాలుగింట మూడు వంతులు నేటికిని గుర్తింపదగియున్నవని 2015లో ప్రకటించెను. ఒక చెరువు ఎండును, నిండును, బయలగును, మరల నిండును. చోటు మాత్రము నిలుచునన్నమాట. అందమైనవానిని మాత్రమే ఏరి గుర్తించియుండినచో ఆ పటము ఇంతటి సాక్ష్యము పలుకజాలకుండెను.

నాటినుండి మనుమరాలు నెలకొకమాఱు బండమీద నిలిచి చిత్రము తీయుచున్నది. వాన, మంచు, బురద ఏదైనను మానదు. 2024 అక్టోబరులో తీసినదానిలో పాతగట్టుమీద రెండు పచ్చికొమ్మలు అడ్డముగా పడియుండెను. నవంబరులో అవి పది యయ్యెను. కొత్తకాపురమునకు ఒక జంట వచ్చినది. నడుమనున్న యేండ్లలో మెత్తని చెట్లు మరల ఎదిగినవి గదా. 2025 అక్టోబరు చిత్రములో పచ్చికబయలు సగము నీటిలో నున్నది. ఆ పూలు పోవునే యని మాకు దిగులు తోచినను, ఈ మాఱు ఎవరిని నిందింపలేదు.

సోదరీమణులారా! బీవరులు మన దేశమున లేవు. కాని మన ఊరి చెరువు ఉన్నది, కాలువరేవు ఉన్నది, పెరటి బావి ఉన్నది. నేడు ప్రతి యింటను చేతిఫోనులో కెమేరా ఉన్నది. కదలని చోటొకటి యేర్పఱచుకొనుడు. గుడిమెట్టు గాని రాతికట్ట గాని చాలును. కదలని గుర్తులు రెండు చిత్రములో పడునట్లు చూడుడు. ఋతువున కొకమాఱు, ఇంచుమించు అదే వేళకు తీయుడు. తేదీ వ్రాయుడు. ఒక ప్రతిని ఇంకొకచోట దాచుడు. చూడ బాగులేదని ఒక్కటియు మానకుడు.

ఇంట మంచముపట్టిన పెద్దలున్నచో వారినిగూడ తీయుడు. వారు అడిగిననాడే తీయుడు. తల దువ్వుట తరువాత కావచ్చును.